బ్యాక్టీరియా అమ్ములపొదిలోని కత్తెర
డీఎన్ఏ పోగును తాము గుర్తుపట్టే అక్షరక్రమం దగ్గర తెంచే ప్రొటీన్లు రిస్ట్రిక్షన్ ఎంజైములు. వీటిని ఎవరూ తయారుచేయలేదు. తమపై దాడిచేసే ఫేజ్ వైరస్‌లను ఎదుర్కోవడానికి బ్యాక్టీరియా వాడుకునే ఆయుధాలివి.

1950ల తొలినాళ్లలో సాల్వడార్ లూరియా, జీసెప్పె బెర్టానీ తదితరులు ఒక వింత గమనించారు. ఒక రకం ఈ.కోలై బ్యాక్టీరియాలో పెరిగిన ఫేజ్‌లు మరో రకంలోకి వెళ్తే దాదాపు అన్నీ నశించేవి. బతికిన కొద్దిపాటి ఫేజ్‌ల సంతతి మాత్రం అక్కడ హాయిగా పెరిగేది. దీని గుట్టును 1960ల్లో జెనీవాలో వెర్నర్ ఆర్బర్, డైసీ డుస్సువా విప్పారు. బ్యాక్టీరియా తన డీఎన్ఏకు మిథైల్ గుర్తులు పెట్టుకుని, ఆ గుర్తులేని పరాయి డీఎన్ఏను ముక్కలు చేస్తుంది.

1968లో హార్వర్డ్‌లో శాస్త్రవేత్తలు మెసెల్సన్, యువాన్ అలాంటి ఎంజైమును వేరుచేశారు. అయితే అది గుర్తించేది ఒకచోట, కోసేది ఎక్కడో దూరాన. పనిముట్టుగా అక్కరకు రాలేదు.

అసలు మలుపు బాల్టిమోర్‌లో, అదీ అనుకోకుండా వచ్చింది. జాన్స్ హాప్కిన్స్‌లో హామిల్టన్ స్మిత్ బృందం పరిశీలిస్తున్నది వేరే సంగతి: హీమోఫిలస్ ఇన్‌ఫ్లుయెంజే బ్యాక్టీరియా బయటి డీఎన్ఏను ఎలా లోపలికి తీసుకుంటుందన్నది. ఫేజ్ డీఎన్ఏ అందులో ధ్వంసమైపోతున్నట్టు కనిపించింది. డీఎన్ఏ ద్రావణం జిగటగా ఉంటుంది, తెగితే పలచబడుతుంది. ఆ తేడాను కొలుస్తూ స్మిత్, కెంట్ విల్‌కాక్స్ ఎంజైమును శుద్ధిచేశారు. అది కోసేది ఆరు అక్షరాల నిర్దిష్ట స్థానంలోనేనని స్మిత్ బృందం 1970లో ప్రకటించింది. అప్పట్లో ఇజ్రాయెల్‌లో ఉన్న సహోద్యోగి డేనియల్ నాథన్స్‌కు స్మిత్ ఈ ఎంజైము గురించి ఉత్తరం రాశారు. తిరిగొచ్చిన నాథన్స్, కాథ్లీన్ డానాతో కలిసి ఆ ఎంజైముతో ఎస్‌వీ40 వైరస్ డీఎన్ఏను 11 ముక్కలుగా కోసి, జెల్ మీద పొడవుల వారీగా విడదీశారు. ఆ ముక్కలను వరసలో పేర్చుకుంటూ జన్యుపటం గీయడానికి దారి దొరికింది. 1978లో ఆర్బర్, స్మిత్, నాథన్స్‌లకు నోబెల్ వచ్చింది. డుస్సువా, డానాల పేర్లు అందులో లేవు.

ఈకో-ఆర్‌ఐ అనే ఎంజైము జి-ఏ-ఏ-టీ-టీ-సీ వరసలో జి తర్వాత రెండు పోగులనూ ఎగుడుదిగుడుగా కోస్తుంది. మిగిలిన నాలుగక్షరాల తోకలు జతకు సరిపోయే తోక కనబడితే అంటుకుంటాయి. ఏ జీవి డీఎన్ఏ అన్నది వాటికి పట్టదు. ఆ అతుకును లైగేజ్ అనే మరో ఎంజైము గట్టిపరుస్తుంది. 1973లో శాస్త్రవేత్తలు కోహెన్, బోయర్ ఇలా కలిపిన ప్లాస్మిడ్‌ను (చిన్న డీఎన్ఏ వలయాన్ని) ఈ.కోలైలోకి పంపారు. అదే దారిలో బ్యాక్టీరియాతో తయారుచేసిన మానవ ఇన్సులిన్ 1982లో మందుగా అమ్మకానికి వచ్చింది.

రిస్ట్రిక్షన్ ఎంజైములు కోసిన డీఎన్ఏ ముక్కల పొడవులు మనిషికీ మనిషికీ మారతాయి. 1984లో బ్రిటన్‌లో అలెక్ జెఫ్రీస్ దీని ఆధారంగానే డీఎన్ఏ వేలిముద్రల పద్ధతి కనుగొన్నారు. హైదరాబాద్‌లోని పరిశోధన సంస్థ సీసీఎంబీలో శాస్త్రవేత్త లాల్జీ సింగ్, కట్లపాము జాతి పాము డీఎన్ఏ నుంచి తీసిన ప్రోబ్‌తో అలాంటి పరీక్షను దేశంలోనే రూపొందించి, పితృత్వ వివాదాలకూ నేర విచారణకూ ఉపయోగపడేలా చేశారు.