లేసిక్: లేజర్ కన్నా కార్నియా ముఖ్యం

"అన్నా, మైనస్ ఆరు ఉంది, లేసిక్ చేయించుకోవచ్చా?" అని చాలామంది అడుగుతున్నారు. నేను డాక్టర్‌ని కాదు, కోడ్ రాసుకునేవాణ్ణి. సలహా ఇవ్వను, చరిత్ర చెప్తా.

హ్రస్వదృష్టి అంటే వెలుగు రెటీనాకి ముందే ఫోకస్ అయిపోవడం. కంటి ముందుండే కార్నియాని కాస్త చదును చేస్తే ఆ ఫోకస్ వెనక్కి జరుగుతుంది. జపాన్‌లో సాటో అనే డాక్టర్ ఇందుకోసం కార్నియా లోపలివైపు కూడా గాట్లు పెట్టారు. మొదట చూపు మెరుగైంది. ఏళ్లు గడిచాక చాలామందికి కార్నియా ఉబ్బి మసకబారింది. లోపలివైపు కణాలు కార్నియాలోంచి నీటిని తోడేస్తుంటాయి, పోతే మళ్లీ పుట్టవు. ఆ సంగతి అప్పటికి తెలీదు.

1970లలో సోవియట్ యూనియన్‌లో ఫ్యోదొరోవ్ గాట్లని బయటివైపుకే పరిమితం చేశారు, బండి చక్రం ఆకుల్లాగా. అమెరికాలో ఈ పద్ధతిని పదేళ్లు గమనిస్తే, 43 శాతం కళ్లలో పవర్ ఒక డయాప్టర్ లేదా అంతకు మించి ప్లస్ వైపు జరిగిపోయింది!

ఇక లేజర్. మద్రాసు యూనివర్సిటీలో చదివిన రంగస్వామి శ్రీనివాసన్ 1981లో అమెరికాలో, ఐబీఎం ల్యాబ్‌లో, పండక్కి వండగా మిగిలిన టర్కీ కోడి ముక్క మీద ఎక్సైమర్ లేజర్ కొట్టి చూశారు. చుట్టుపక్కల కాలకుండా నీట్‌గా చెక్కింది. 1983లో ట్రోకెల్‌తో కలిసి కార్నియా మీద ఫలితాలు ప్రచురించారు.

పరికరం ఇంత కచ్చితమైతే ఫలితం ఎందుకు తేడా వస్తుంది? ఇక్కడే నాకు నచ్చిన లెక్క ఉంది, మన్నర్లిన్ ఫార్ములా. 6 మిల్లీమీటర్ల వెడల్పున చెక్కితే, డయాప్టర్‌కి సుమారు 12 మైక్రాన్లు పోతాయి. మైనస్ పదికి 120. కార్నియా 480 మైక్రాన్లే ఉండి, పైన తెరిచే ఫ్లాప్ 120 అయితే, కింద మిగిలేది 240. కనీసం 250 ఉండాలన్నది డాక్టర్లు పెట్టుకున్న గీత. అదీ పూర్తి భరోసా కాదు. లేసిక్ తర్వాత కార్నియా బలహీనపడి ముందుకు ఉబ్బిన కేసుల్ని 1998లో జైలర్ బయటపెట్టారు. అందుకే ముందే స్కాన్ చేసి కెరటోకోనస్ ఛాయలున్నాయేమో వెతుకుతారు.

మిగతావి త్వరగా చెప్తా. పవర్ ఇంకా పెరుగుతుంటే చేయరు. కాంటాక్ట్ లెన్సులు ముందుగా మానకపోతే కొలతలే తప్పొస్తాయి. కళ్లు పొడిబారే సమస్య ఉంటే ఆపరేషన్ తర్వాత ఎక్కువవుతుంది, రోజంతా స్క్రీన్ చూసే మనలాంటివాళ్లకి ఇది చిన్న విషయం కాదు. ఇంకోటి, లేజర్ కంటిగుడ్డు పొడవుని మార్చదు. ఎక్కువ మైనస్ ఉన్నవాళ్లకి, కళ్లద్దాలు పోయినా రెటీనా చెకప్ మాత్రం పోదు.