ఏకచక్రపురైతిహ్యము – అంగవికలుర చిత్రణము

నిజామాబాదు మండలమునందలి బోధనపట్టణమే భారతకథలోని యేకచక్రపురమని స్థలైతిహ్యము. 1937వ సంవత్సరమున స్థాపితమైన నిజాం చక్కెర కర్మాగారముచే నీ పట్టణము చెఱకుసీమకుఁ గేంద్రమయ్యెను. 2015లో నా కర్మాగారము మూతపడినను, బకాసురవధకథ మాత్రము జనుల నోట నిలిచియే యున్నది. లక్కయిల్లు దగ్ధమైన పిమ్మటఁ బాండవు లేకచక్రమునఁ దలదాఁచుకొనిరి. దుర్యోధనుని మాటకు లోఁబడి వారిని వారణావతమునకుఁ బంపినవాఁడు పుట్టంధుఁడైన ధృతరాష్ట్రుఁడు. కావున నీ యైతిహ్యము నాశ్రయించి యంగవికలుర చిత్రణమును విచారించుట యుచితము.

ఏ యవయవముయొక్క వికారముచే శరీరి వికారవంతుఁడుగా గుర్తింపఁబడునో, యా యవయవవాచకమునకుఁ దృతీయావిభక్తి వచ్చునని పాణినీయమున ద్వితీయాధ్యాయ తృతీయపాదమునందలి విధి. కంటిచేఁ గాణుఁడు, కాలిచే ఖంజుఁడు అనుట యిట్టిది. ఇచ్చట నవయవదోషము శరీరమునకే గుర్తు. బుద్ధికిఁ గాని శీలమునకుఁ గాని గుర్తు కాదు. వ్యాకరణ మిచ్చట నాఁగినది. లోక మాఁగలేదు.

పుత్రశోకముచేతను గ్రోధముచేతను ధృతరాష్ట్రుఁడు భీముఁ డనుకొని యినుపవిగ్రహమును గౌఁగిలించి పిండిచేసెను. తెలుఁగువారు కపటస్నేహమును ధృతరాష్ట్రకౌఁగిలి యందురు. ఆ తప్పు క్రోధముది, కన్నులది కాదు. ఆ భారతముననే జన్మాంధుఁడైన దీర్ఘతముని కథయుఁ గలదు. ఋగ్వేద ప్రథమమండలమున నతఁడు పెక్కు సూక్తములకు ద్రష్ట. అతని పేర నొక్క నుడికారమైనఁ బుట్టలేదు. అష్టావక్రుఁడు జనకుని సభలో వందిని వాదమున గెలిచెను. అయినను గడపట సమంగానదీస్నానముచే నతని యంగములు చక్కనయ్యెనని కథ. విద్య గెలిచినను వంకరమేనిని వంకరగానే విడుచుటకుఁ గథకుని మన సొప్పలేదు.

నవీనదృశ్యము మఱియొక యడుగు ముందునకు వేసినది. వ్యాసుఁడు శకునిని గుంటివానిఁగాఁ జెప్పలేదు. 1988 మొదలు 1990 వఱకు దూరదర్శనమునఁ బ్రసారమైన బి. ఆర్. చోప్రాగారి మహాభారతమున శకుని కుంటుచు నడచెను. దుర్బుద్ధికిఁ గాలు సాక్షి యయ్యెను. ఇందులకు భిన్నముగా, 1986లో వచ్చిన కె. విశ్వనాథుగారి 'సిరివెన్నెల'యందు నంధుఁడు వేణువాదకుఁడుగను, మూగవనిత చిత్రకారిణిగను దమ కళలచే గుర్తింపఁబడిరి. 2018 నాఁటి 'రంగస్థలము'న వినికిడి కొఱవడినవాఁడే కథానాయకుఁడు. చెవిటితనముచే నవ్వు పుట్టించినను, కథాభారమంతయు నతఁడే వహించెను.

2024 జూలై 8వ తేదీన భారత సర్వోన్నతన్యాయస్థానము దృశ్యమాధ్యమములందలి చిత్రణమునుగూర్చి తీర్పు చెప్పుచు, వికలాంగులను గించపఱచు హాస్యము వేఱు, వైకల్యము నవగతము చేయు హాస్యము వేఱు అని విభజించెను. హాస్యమునకుఁ జెప్పిన యీ వివేకము పాఠమునకును వలయును.

బోధనసీమలో నేకచక్రకథను వినుచుఁ గూర్చుండిన పిల్లలలోఁ గన్నులు లేని బాలుఁ డొక్కఁడుండవచ్చును. ధృతరాష్ట్రుని దోషమును జెప్పునప్పు డుపాధ్యాయుఁడు మోహమును, గ్రోధమును బేర్కొనునో, కన్నులనే పేర్కొనునో, దానిని బట్టి యా బాలుఁడు తన్నుఁ దా నెఱుంగును. దీర్ఘతముని పేరును గూడ నా పూఁటనే చెప్పవలయును.