పిల్లికూతలు

ఉబ్బసరోగి రొమ్ములో వినవచ్చు సన్నని ఈలను మన తెలుగువారు పిల్లికూతలు అందురు. అది ధ్వనిని బట్టి పెట్టిన పేరే గాని కారణమును బట్టి పెట్టినది కాదు. అయినను కొందరి విషయమున కారణమును పిల్లియే.

మూడు రాష్ట్రముల సరిహద్దు చెంత నున్న మద్నూరును తలచుకొందము. తెలుగువారి పిల్లి అచ్చటి మరాఠీవారికి మాంజర్, కన్నడిగులకు బెక్కు. ధాన్యము నిలువ యుండు ఇంటిలో ఎలుకల బెడద తీర్చునది అదియే. అట్టి ఇంటిలో బిడ్డకు ఆయాసము వచ్చినచో మనము చలిగాలిని, దుమ్మును తప్పుపట్టుదుము. దుమ్మును, పొగను శ్వాసరోగ కారణములలో చరకసంహితయు పేర్కొన్నది. మృగశిర కార్తెకు హైదరాబాదు పోయి చేపమందు మ్రింగి వచ్చువారును కలరు. పొయ్యి చెంత పరుండిన పిల్లిపై మాత్రము శంక పోదు. "వంకాయ పడదు" అను మనము "పిల్లి పడదు" అనుట అరుదు.

లండను వైద్యుడు హెన్రీ హైడ్ సాల్టర్ తానే ఉబ్బసరోగి. 1860లో ఆ వ్యాధిపై గ్రంథము వెలువరించిన ఆయన, పిల్లి సామీప్యమున ఊపిరాడకుండుటను, అది గీరిన చోట దద్దురు లేచుటను వర్ణించెను. 1906లో వియన్నా వైద్యుడు ఫాన్ పిర్కే "అలర్జీ" అను పదమును కల్పించెను. మన "పడకపోవుట" అంతకంటె తేటగా నున్నదని మా అభిప్రాయము. హాని లేని పదార్థమును శత్రువుగా భ్రమించి కొందరి దేహము రక్తములో సిద్ధపరచు ఆయుధమును, ఐజిఇ అను ప్రతిరక్షకమును, 1966లో ఇషిజాకా దంపతులు అమెరికాలో కనుగొనిరి.

ఆ పదార్థమేది? చాలకాలము వెండ్రుకలనే నిందించిరి. 1970 దశకమున పరిశోధకులు దానిని వేరుచేసిరి. అది పిల్లి లాలాజలమునను, చర్మగ్రంథులలోను పుట్టు ఒక మాంసకృత్తు. పిల్లి ఒడలు నాకుకొనగా బొచ్చున కంటి, ఎండి, కానరాని నలుసులై గాలిలో తేలును. కుందేలు, గినీపంది మొదలగువాని మూత్రమునకును ఇట్టి గుణము కలదు. బొచ్చు కత్తిరించినంత మాత్రమున ఫలము లేదు.

ఒక చిక్కు కూడ కలదు. పిల్లిని పంపివేసిన వారమునకును బిడ్డ తుమ్ములు తగ్గకున్నచో, పాపము అది నిర్దోషి యని తిరిగి తెచ్చుకొనుట సహజము. ఆ తీర్పు తొందరపాటు. ఇంటిలోని ఆ నలుసులు పిల్లి లేని ఇంటి స్థాయికి దిగుటకు 20 నుండి 24 వారములు పట్టునని 1989లో అమెరికాలో కొలిచి చూచిరి. అవి పరుపులలోను, బొంతలలోను దాగియుండును. పంపివేయుటకు ముందే వైద్యునిచే చర్మపరీక్ష చేయించుట మేలు. పిల్లిని పడకగదికి దూరముగా నుంచి, బొంతలను వేడినీట ఉతికించుటయు కొంత ఉపకరించును. దుస్తుల కంటుకొని ఈ నలుసులు బడికి సైతము పోవును. పిల్లి నెన్నడును పెంచని ఇండ్లలోను ఇవి కానవచ్చినవి.