రైఫిల్ స్కోప్ (ప్రమాదకర మృగాల వేట)

ఆఫ్రికాలో ఏనుగు, కేప్ బఫెలో, సింహం వంటి మృగాలను వేటాడే భారీ రైఫిళ్లపై బిగించే గురి దుర్భిణి. 1912లో ఇంగ్లండుకు చెందిన హాలండ్ అండ్ హాలండ్ తెచ్చిన .375 మాగ్నమ్ తూటాలో గుండు బరువే సుమారు 19 గ్రాములు. అది పేలినప్పుడు రైఫిల్ వెనక్కి తన్నే తన్నుకు నాసిరకం స్కోపులో గురిగీతలు పక్కకు జరుగుతాయి. కంటికీ వెనుక కటకానికీ మధ్య కనీసం 9 సెంటీమీటర్ల ఎడం లేకపోతే స్కోపు అంచు కనుబొమను చీల్చేస్తుంది.

గాయపడిన బఫెలో పొదల్లోంచి పది పదిహేను అడుగుల దూరంలో మీదికి దూకవచ్చు. అప్పుడు ఎక్కువ రెట్లు పెద్దది చేసి చూపే స్కోపులో నల్లని చర్మం తప్ప ఏమీ కనిపించదు. నిజానికి స్కోపు ఎంపికలో మొదట చూడవలసింది అది ఎన్ని రెట్లు పెద్దది చేసి చూపుతుందన్నదే. ఒక రెట్టు నుంచి 4 లేదా 6 రెట్ల వరకు మారే, 24 మిల్లీమీటర్ల ముందు కటకం గల చిన్న స్కోపు ఇందుకు తగినది. చీకటిపడే వేళ చిరుత కోసం కాపు కాసేవారికి మాత్రం పెద్ద కటకం, వెలిగే గురిచుక్క కావాలి. స్కోపును పట్టి ఉంచే ఉక్కు బిగింపులు చేత్తో క్షణాల్లో ఊడదీయగలిగేవై ఉండాలి. స్కోపు అద్దం పగిలితే రైఫిల్ గొట్టం మీది ఇనుప గురే ప్రాణాధారం.

కెన్యా 1977లో ఈ వేటను నిషేధించింది. భారతదేశంలో 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం దీన్ని అనుమతించదు.