ఆరోగ్యశ్రీ - ఆయుష్మాన్ భారత్ అనుసంధానము

ఆరోగ్యశ్రీ పేద కుటుంబాలకు పెద్ద జబ్బులలో ఉచిత వైద్యము అందించుటకు ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము ప్రారంభించిన పథకము. 2018లో కేంద్ర ప్రభుత్వము ఆయుష్మాన్ భారత్ (ప్రధానమంత్రి జన ఆరోగ్య యోజన) ప్రవేశపెట్టిన తరువాత ఆంధ్రప్రదేశ్ తన పథకమును వదులుకొనక, రెండింటినీ కలిపి అమలు చేయుచున్నది.

అమెరికాలో మెడికెయిడ్ నిబంధనల నుండి మినహాయింపు కావలసిన రాష్ట్రము సామాజిక భద్రతా చట్టములోని 1115వ సెక్షను క్రింద ఫెడరల్ ప్రభుత్వ అనుమతి పొందవలెను. దీనిని అక్కడ వేవర్ అంటారు. భారతదేశములో ప్రజారోగ్యము, ఆసుపత్రులు రాష్ట్ర జాబితాలోని అంశములు. అందువలన ఇక్కడ వేవర్ లేదు, ఒప్పందముతోనే పని జరుగును.

చరిత్ర

వై.యస్. రాజశేఖరరెడ్డి ముఖ్యమంత్రిగా ఉండగా 2007 ఏప్రిల్ 1న మహబూబ్ నగర్, అనంతపురం, శ్రీకాకుళం జిల్లాలలో ఆరోగ్యశ్రీ మొదలైనది. 2008 నాటికి రాష్ట్రమంతటా విస్తరించినది. మొదట ప్రభుత్వము బీమా సంస్థకు ప్రీమియం చెల్లించెడిది. తరువాత ట్రస్టు ద్వారా నేరుగా ఆసుపత్రులకు చెల్లింపులు జరిగినవి. ఆంధ్రప్రదేశ్ లో ప్రభుత్వములు మారినపుడల్లా పేరు కూడా మారినది: 2014 తరువాత ఎన్టీఆర్ వైద్యసేవ, 2019లో వైఎస్సార్ ఆరోగ్యశ్రీ, 2024లో డాక్టర్ ఎన్టీఆర్ వైద్యసేవ.

లబ్ధిదారులు

అసలు చిక్కు ఇక్కడ ఉన్నది. కేంద్ర పథకము 2011 సామాజిక, ఆర్థిక, కుల గణన ఆధారముగా కుటుంబములను ఎంపిక చేసినది. ఆరోగ్యశ్రీకి తెల్ల రేషన్ కార్డు ఉంటే చాలు. అందుచేత రాష్ట్ర జాబితా చాలా పెద్దది. కేంద్ర జాబితాలోని కుటుంబముల ఖర్చును కేంద్రము, రాష్ట్రము 60:40 నిష్పత్తిలో భరించును. మిగిలినవారి ఖర్చు పూర్తిగా రాష్ట్రమునిదే. కార్డు పట్టుకొని ఆసుపత్రికి వచ్చిన రోగికి ఈ తేడా తెలియదు. కేంద్ర పథకములో కుటుంబమునకు ఏడాదికి 5 లక్షల రూపాయల పరిమితి ఉండగా, 2023 డిసెంబరులో ఆంధ్రప్రదేశ్ దీనిని 25 లక్షలకు పెంచినది. ఔదార్యము పెరిగిన కొద్దీ బిల్లులూ పెరిగినవి. బకాయిలు చెల్లించలేదని నెట్‌వర్క్ ఆసుపత్రులు 2025లో సేవలు నిలిపివేసినవి. అటువంటపుడు కార్డు ఉన్నా వైద్యము దొరకదు.

సరిహద్దు ప్రాంతములు

కంచికచర్ల మండలములోని కీసర విజయవాడ - హైదరాబాదు జాతీయ రహదారిపై ఉన్న గ్రామము. ఇది పూర్వము కృష్ణా జిల్లాలో, 2022 నుండి ఎన్టీఆర్ జిల్లాలో ఉన్నది. ఇదే రహదారిపై నందిగామ, జగ్గయ్యపేట ప్రాంతములు దాటగానే తెలంగాణ మొదలగును. 2014లో రాష్ట్ర విభజనతో పథకము కూడా రెండైనది. హైదరాబాదు ఆసుపత్రులు పొరుగు రాష్ట్రమునకు చెందినవి కావటముతో, 2019 నవంబరు నుండి హైదరాబాదు, బెంగుళూరు, చెన్నైలలోని కొన్ని ఆసుపత్రులలో ఎంపిక చేసిన చికిత్సలకు ఆంధ్రప్రదేశ్ అనుమతి ఇచ్చినది. తెలంగాణ మాత్రము కేంద్ర పథకమునకు మొదట దూరముగా ఉండి, 2021లో చేరినది.