బాబరు నాటిన ద్రాక్ష

బాబరునామా తెరిచినప్పుడల్లా యుద్ధాల పుటలు త్వరగా దాటి తోటల దగ్గర ఆగిపోవడం నాకు అలవాటు. 1526లో పానిపట్టు గెలిచి ఆగ్రా చేరిన ఆ కాబూలు రాజు, తోట కోసం యమున ఆవలి ఒడ్డున స్థలం వెదికాడు. చూడగానే రోత కలిగిందట. అంతకన్న మేలైనది దొరకక అక్కడే పూనుకున్నాడు.

కాబూలులో కొండవాగు తనంతట తానే తోటలోకి దిగేది. ఇక్కడ తనను బాధించినవి మూడని వ్రాసుకున్నాడు: ఎండ, పెనుగాలి, దుమ్ము. అందుకే పని పెద్ద బావితో మొదలయింది. గులాబీ, నర్గీసు మళ్ళు ఆ తరువాతివి. ఆగ్రా వైపు ఎద్దులు తోలుబొక్కెనతో నీరు తోడే పద్ధతి, అంటే మన రైతులెరిగిన కపిల వంటిదే, ఆయనకు సుతరామూ నచ్చలేదు. పేడలో ఈడ్చిన మోకు మళ్ళీ బావిలోనే పడుతుందని ఫిర్యాదు. (అబద్ధమని అనలేను!)

ఇక్కడి వాతావరణం సరిపడక కాబూలుకు మరలిపోయిన మిత్రుడు ఖ్వాజా కలానుకు 1529 ఫిబ్రవరిలో లేఖ వ్రాస్తూ, ఖర్బూజా కోసి తింటుంటే కన్నీరు ఆగలేదని చెప్పుకున్నాడు. అదే ఏడాది జూనులో ఆగ్రా తోటలోనే బల్ఖు తోటమాలి పెంచిన ఖర్బూజాలు చేతికి వచ్చాయి, తాను నాటించిన ద్రాక్షా కాచింది. ఎంతో తృప్తి కలిగిందని వ్రాశాడు.

మరుసటి ఏడు ఆగ్రాలోనే మరణించాడు. కొన్నేళ్ళకు ఆయన అస్థికలను కాబూలు తోటకు తరలించారు.