రంపానికి రెండో కొస

చెయిన్ సా అనగానే మన తరానికి ముందు గుర్తొచ్చేది అడవి కాదు, సినిమా. 1974 నాటి ‘ది టెక్సస్ చెయిన్ సా మాసకర్’ చూడనివాళ్ళకి కూడా ఆ ముసుగు, ఆ రొద తెలుసు. ఇప్పటి కుర్రాళ్ళకైతే ‘చెయిన్‌సా మేన్’ మాంగా ఉంది. ఇవి కాక వాట్సాప్‌లో తిరిగే ముక్క ఒకటి: “చెయిన్ సా కనిపెట్టింది చెట్లు కొయ్యడానికి కాదు, పురుళ్ళు పొయ్యడానికి, తెలుసా?”

అది సగం నిజం. 18వ శతాబ్దం చివర్లో స్కాట్లండ్ వైద్యులు జాన్ ఐట్కెన్, జేమ్స్ జెఫ్రీల పేర్లతో ఒక పనిముట్టు వాడుకలోకి వచ్చింది. సన్నటి గొలుసు, దాని ఒక అంచుకి పళ్ళు, రెండు కొసలా పట్టుకోడానికి పిడులు. కాన్పు కష్టమైనప్పుడు కటి ఎముకల మధ్య కీలుని కోసి బిడ్డకి దారి వెడల్పు చెయ్యడానికి, కుళ్ళిన ఎముకని తొలగించడానికి దాన్ని చేత్తోనే లాగేవారు. 1830లో జర్మనీలో బెర్న్‌హార్ట్ హైన అనే ఆయన ఇంకో అడుగు ముందుకేసి, ఒక పట్టీ చుట్టూ పళ్ళ గొలుసు తిరిగేలా చేతిమర బిగించాడు. బొమ్మ చూస్తే ఇప్పటి చెయిన్ సాకి ముత్తాతలాగే ఉంటుంది. కానీ ముఖం కలిసినంత మాత్రాన వంశం కలవదు. అడవి రంపానికి మూలం ఆపరేషన్ బల్ల మీద లేదు. ఇద్దరు మనుషులు చెరో కొసా పట్టుకుని లాగే పొడవాటి రంపంలో ఉంది.

ఆ రంపం మనకీ తెలిసిందే. సామిల్లులు రాకముందు మన ఊళ్ళలో దుంగని ఎత్తు మీద పెట్టి, పైనొకడు కిందొకడు నిలబడి పలకలు కోసేవాళ్ళు. కిందవాడి కళ్ళనిండా రంపంపొట్టు. ‘రంపపుకోత’ అనే మాట మన భాషలో చిత్రహింసకి మారుపేరైందంటే ఊరికే కాదు. చిత్రమేమిటంటే అమెరికా వాయవ్య తీరంలో చెట్లు కొట్టేవాళ్ళు కూడా తమ జంట రంపానికి ‘కష్టాల కొరడా’ అనే అర్థం వచ్చే పేరు పెట్టుకున్నారు. నేనుండేది ఆరెగన్‌లో, పోర్ట్‌లండ్ పక్కన. ఇక్కడి అడవుల్లో నడుస్తుంటే నూరేళ్ళ కిందట కొట్టేసిన చెట్ల మొదళ్ళు ఇప్పటికీ కనిపిస్తాయి. ఒక్కో మొదలుకీ రెండు పక్కలా గుంటలు, కళ్ళలాగా. చెట్టు అడుగుభాగం మరీ లావు కాబట్టి, ఆ గుంటల్లో చెక్కలు గుచ్చి, నేలకి ఎత్తుగా వాటి మీద నిలబడి ఇద్దరు మనుషులు రంపం లాగేవారు. ఆ గుంటలు రెండు ఉండటానికి కారణం మనుషులు ఇద్దరు కావడమే.

చెయిన్ సా చరిత్రని మామూలుగా ఇంజిన్ చరిత్రలా చెప్తారు. నాకు మాత్రం అది ఆ రెండో మనిషి చరిత్రలా కనిపిస్తుంది. అతను ఎప్పుడు వెళ్ళిపోయాడు, ఎవరు పంపించారు, వెళ్ళిపోతూ ఏం తీసుకుపోయాడు?

ఇంజిన్ రాగానే వెళ్ళలేదతను. 1926లో ఆండ్రియాస్ స్టీల్ తయారుచేసిన కరెంటు రంపం బరువు 48 కిలోలు. 1927లో ఎమిల్ లెర్ప్ జర్మనీలోని తురింగియాలో డోల్మర్ అనే కొండ మీద పరీక్షించిన పెట్రోలు రంపం 58 కిలోలు. ఆ కొండ పేరే ఆయన కంపెనీ పేరైంది. 1929లో స్టీల్ తెచ్చిన పెట్రోలు రంపం 46 కిలోలు, 6 హార్స్‌పవర్. ఒక బియ్యం బస్తా మొయ్యడం వేరు, నడుస్తున్న ఇంజిన్‌తో ఉన్న బస్తాని అడ్డంగా పట్టుకుని చెట్టులోకి తొయ్యడం వేరు. ఇంజిన్ వైపు ఒకడు, పట్టీ అవతలి కొసన ఇంకొకడు. రంపం లాగే పని తప్పింది గానీ జంట తప్పలేదు.

జంట విడిపోయింది రెండో ప్రపంచ యుద్ధం తర్వాత. తేలికపాటి లోహపు పోతలు వచ్చాయి. అంతకంటే ముఖ్యం, ఏ వంపులో పట్టుకున్నా పెట్రోలు అందించే డయాఫ్రం కార్బ్యురేటర్ వచ్చింది. అంతకుముందు రకంలో నూనె మట్టం సమంగా ఉంటేనే ఇంజిన్ నడిచేది, రంపాన్ని పక్కకి వంచితే ఆగేది. 1949లో అమెరికాలో మెక్‌కలక్ కంపెనీ 3-25 అనే రంపం తెచ్చింది. బరువు 25 పౌండ్లు, అంటే 11 కిలోల పైచిలుకు. 1950లో స్టీల్ తన మొదటి ఒంటిమనిషి పెట్రోలు రంపం తెచ్చింది. 1959 నాటి స్టీల్ ‘కాంట్రా’లో పళ్ళచక్రాల పెట్టె కూడా తీసేసి ఇంజిన్ వేగాన్ని నేరుగా గొలుసుకి ఇచ్చారు. ముప్ఫయ్యేళ్ళలో బరువు నాలుగో వంతుకి వచ్చింది.

ఇంజిన్ ఇంత ఎదిగినా, అది తిప్పే గొలుసు చాలాకాలం పాతకాలపు రంపాన్నే అనుకరించింది. కొన్ని పళ్ళు నారని గీరేవి, కొన్ని గీరినదాన్ని ఊడ్చేవి. పదును పెట్టడమే పెద్ద పని. 1946లో ఆరెగన్‌లో జోసెఫ్ బ్యూఫర్డ్ కాక్స్ అనే చెట్లు కొట్టే మనిషి ఒక మొదలులో పెంకుపురుగు పిల్లని చూశాడు. చూపుడువేలంత పురుగు. ఎదురునారా అడ్డనారా లేకుండా పచ్చి కలపని నమిలేస్తోంది. దాని దవడలు ఒకటి ఎడమకి, ఒకటి కుడికి తిరుగుతూ చెక్కుతున్నాయి. కాక్స్ ఆ దవడల వంపునే ఉక్కులో పోశాడు: గొలుసుకి ఒక పన్ను ఎడమకి, తర్వాతది కుడికి, ఒక్కోదాని ముందూ కోత లోతుని అదుపుచేసే చిన్న బొడిపె. 1947లో పోర్ట్‌లండ్‌లో తన ఇంటి నేలమాళిగలో ఆ గొలుసులు చెయ్యడం మొదలుపెట్టాడు. ఇవాళ ప్రపంచంలో ఎక్కడ కట్టెలు కోసినా దాదాపు ఆ పురుగు పన్నే కోస్తోంది. పదును పెట్టాలంటే గుండ్రటి ఆకురాయి ఒకటి చాలు. అంటే పదును పెట్టే నిపుణుడు కూడా అవసరం లేకుండా పోయాడు. వెళ్ళిపోయినవాళ్ళ లెక్కలో అతన్నీ కలుపుకోవాలి.

ఈ లెక్క నవల్లోకి ఎక్కింది. కెన్ కేసీ 1964లో రాసిన ‘సమ్‌టైమ్స్ ఎ గ్రేట్ నోషన్’ని ఎక్కువమంది స్టాంపర్ కుటుంబపు మొండితనం కథగానే చదువుతారు. కానీ కథని నడిపించే సమ్మెకి కారణం ఏమిటో చూడండి. చెయిన్ సా వచ్చాక అంతమంది కూలీలు అక్కర్లేకుండా పోయారు, కాబట్టి పనిగంటలు తగ్గించి అదే జీతం ఇమ్మని యూనియన్ అడుగుతోంది. పల్లె మొత్తం ఒకవైపు, కలప కొడుతూనే ఉంటామన్న ఒక్క కుటుంబం ఒకవైపు. కేసీ సానుభూతి ఎటుందని నన్నడిగితే చెప్పడం కష్టమంటాను. ఒంటరి మనిషి పంతం అతనికి ముచ్చటగానే ఉంది, అందుకు చెల్లించాల్సిన ధరా తెలుసు. ఆటోమేషన్ స్క్రిప్టు రాసి, దానివల్ల పక్క టీమ్ ఖాళీ అవడం చూసిన మాలాంటివాళ్ళకి ఆ నవల పాతబడదు.

మిగిలిన ఆ ఒక్క మనిషైనా సుఖపడ్డాడా? అతని చేతులు చూడాలి. 1918లోనే ఆలిస్ హామిల్టన్ అనే డాక్టరు ఇండియానా రాష్ట్రంలో బెడ్‌ఫర్డ్ రాతిపనివాళ్ళని పరీక్షించి, గాలి సుత్తుల అదురుకి చలిలో వేళ్ళు తెల్లబడి మొద్దుబారుతున్నాయని రాసింది. తేలికపాటి చెయిన్ సాలు రాగానే అదే జబ్బు అడవిలోకొచ్చింది. రెండు జతల చేతులకి పంచుకోవాల్సిన అదురంతా ఒక్క జతకే దక్కింది మరి. జపాన్ ప్రభుత్వ అడవుల్లో ఎంతమంది వేళ్ళు తెల్లబడ్డాయంటే, 1960ల చివర్లో రోజుకు 2 గంటలకి మించి చెయిన్ సా పట్టకూడదని కట్టడి పెట్టుకున్నారు. బ్రిటన్ దీన్ని పరిహారం ఇచ్చే వృత్తి వ్యాధుల జాబితాలో చేర్చింది 1985లో. పిడికీ ఇంజిన్‌కీ మధ్య రబ్బరు దిమ్మలు, రంపం వెనక్కి ఎగిరినప్పుడు గొలుసుని ఆపే బ్రేకు — ఇవన్నీ అంతకుముందే, ఒక్కొక్కటిగా వచ్చాయి.

అప్పటికి రంపం అడవి దాటి ఇంటికి చేరింది. 1963లో హోమ్‌లైట్ కంపెనీ తెచ్చిన రంపం ఇంజిన్ భాగం 12 పౌండ్లే. 1973లో చమురు ధరలు మండేసరికి అమెరికాలో ఇళ్ళలో కట్టెల పొయ్యిలు మళ్ళీ వెలిగాయి, కట్టెలు కొయ్యడానికి మామూలు జనం రంపాలు కొన్నారు. కట్టెలకి ఒక సంస్కృతి కూడా ఏర్పడింది. నార్వేలో లార్స్ మిట్టింగ్ కట్టెలు కొట్టడం, పేర్చడం గురించి 2011లో రాసిన పుస్తకం బ్రహ్మాండంగా అమ్ముడుపోయింది. 2013లో అక్కడి ప్రభుత్వ టీవీ కట్టెల మీద 12 గంటల కార్యక్రమం వేస్తే, బెరడు పైకి పెట్టి పేర్చాలా కిందికా అని జనం పోట్లాడుకున్నారు.

నేను ఈ రంపాన్ని దగ్గర్నుంచి చూసింది 2021 ఫిబ్రవరిలో, ఇక్కడ మంచు పేరుకుని వేల చెట్లు కూలినప్పుడు. మా వీధిలో రిటైరయిన ఒకాయన పెరట్లో పెద్ద డగ్లస్ ఫర్ పడింది. కొమ్మలన్నీ చిన్న రంపంతో కట్టెలుగా కోసేశాడు. కట్టెలకి 50 సీసీ ఇంజిను, 18 అంగుళాల పట్టీ చాలన్నాడు. మానుని మాత్రం పొయ్యిలో పెట్టడానికి మనసొప్పలేదు, పలకలు తీస్తానన్నాడు. దానికి వేరే రంపం, 90 సీసీ. పట్టీకి ఒక అల్యూమినియం చట్రం బిగించాడు. కాలిఫోర్నియాలో ఎలాఫ్ గ్రాన్‌బర్గ్ రూపొందించిన ‘అలాస్కన్ మిల్లు’ అది. దుంగ మీద నిచ్చెన కట్టి, దాని మీదుగా చట్రాన్ని తోసుకుంటూ పోతే మొదటి పలక తిన్నగా ఊడొస్తుంది. ఆ తర్వాత కోసిన ముఖమే దారి చూపిస్తుంది.

ఇక్కడే అసలు కష్టం తెలిసింది. చెట్టుని అడ్డంగా కోస్తే గొలుసు నారల్ని పక్కనుంచి తెంపుతుంది. పలకలు తీసేటప్పుడు నారల కొసలకి ఎదురెళ్ళి కొరుక్కుంటూ పోవాలి. అందుకని పన్ను కోణం మార్చి అరగదీస్తారు, మామూలుగా 30 డిగ్రీలుండేది 10 డిగ్రీలకి. ఒక్కో కోతకీ సుమారు పావు అంగుళం కలప పొట్టు అయిపోతుంది. నాలుగు కోతలకి అంగుళం పలక ఒకటి పొట్టుకింద పోయినట్టే. సామిల్లు సన్నని బ్యాండు రంపం ఇంత తినదు. కానీ సామిల్లు పెరట్లోకి రాదు, ఆ దుంగ పెరట్లోంచి కదలదు.

ఇంకో సంగతి కూడా ఉంది. కోత ముందుకు సాగేకొద్దీ పై పలక బరువుకి కిందికి వాలి పట్టీని నొక్కేస్తుంది. కాబట్టి వెనకాలే ఎవరో ఒకరు కోసిన సందులో ప్లాస్టిక్ వెడ్జీలు దిగ్గొడుతూ రావాలి. ఒంటరిగా చేసేవాళ్ళూ ఉన్నారు గానీ, ప్రతి రెండడుగులకీ ఇంజిన్ ఆపి వెనక్కి రావాలి. ఆ రోజు ఆ పని నాది. చెవులకి మఫ్స్ పెట్టుకున్నాం కనక మాటల్లేవు. నేను చెయ్యెత్తితే ఆయన ఆపాలి, అంతే. మధ్యాహ్నం ఒకసారి దుంగ కాస్త దొర్లినట్టనిపించి చెయ్యెత్తాను. ఎందుకని అడక్కుండా ఆపేశాడు. దుంగ కింద దిమ్మ సరిచేసి మళ్ళీ మొదలుపెట్టాం. జంట రంపం మీద అవతలి మనిషి అంటే బలం ఒక్కటే కాదని నాకప్పుడు అర్థమైంది. అతను లాగడం మానేస్తే కోత ఆగిపోతుంది. ‘వద్దు’ అనే హక్కు ఆ రెండో పిడిలోనే ఉంది.

ఒంటిమనిషి రంపంలో ఆ పిడి లేదు. దాని ఫలితం పెరట్లో తెలీదు, అమెజాన్‌లో తెలిసింది. 1970ల్లో బ్రెజిల్ ఆక్రె రాష్ట్రంలో పశువుల మేతకోసం అడవి నరకడం మొదలైనప్పుడు, రబ్బరు పాలు తీసుకుని బతికేవాళ్ళు ‘ఎంపాచె’ అనే పద్ధతి కనిపెట్టారు. పిల్లాపాపలతో వందమంది నడిచివెళ్ళి, చెట్లు కోసేవాళ్ళ చుట్టూ నిలబడి, ఆయుధం ఎత్తకుండా మాట్లాడేవారు. రంపం పట్టుకున్నవాడూ కూలివాడే. చాలాసార్లు రంపం దించి వెళ్ళిపోయేవాడు. షాపురి ఊళ్ళో ఈ పోరాటం నడిపిన చికో మెండెస్‌ని 1988 డిసెంబర్ 22న అతని ఇంటి దగ్గరే కాల్చి చంపారు. ఆయన పేరుతో వచ్చిన రక్షిత అడవులు ఇవాళ పటంలో ఉన్నాయి.

ఎంపాచెని పర్యావరణ ఉద్యమం అంటారు, నిజమే. నాకది యంత్రంలోంచి తీసేసిన భాగాన్ని మనుషులతో మళ్ళీ బిగించే ప్రయత్నంలా కనిపిస్తుంది. ఒక రంపం పనిని ఒకే మనిషి చెయ్యగలిగాక, ఆ పని ఆపడానికి వందమంది కావలసివచ్చింది. మంచి ఇంజనీర్లు, పదునైన చూపున్న ఒక చెట్లకొట్టేవాడు, ఒక పురుగు కలిసి చేసిన అద్భుతమైన యంత్రమిది. దాన్నుంచి తగ్గించిన ప్రతి కిలో బరువూ మంచికే తగ్గించారు. రెండో మనిషిని కూడా బరువు లెక్కలోనే తీసేశారు. ‘వద్దు’ అనే ఆ హక్కు మాత్రం ఏ కాటాకీ తూగలేదు.